ప్రేరణ – ప్రమాణం: ఆధునిక విజ్ఞానశాస్త్ర ఆవిర్భావంలో మతవిశ్వాసం

ఉపోద్ఘాతం

మతం, శాస్త్రం అనే రెండు మాటలను ఎదురెదురుగా నిలబెట్టి చర్చించడం ఇవాళ మనకు అలవాటు. ఆ మాటల వ్యుత్పత్తిని గమనిస్తే మాత్రం ఒక విశేషం కనిపిస్తుంది. ఆలోచించడం అనే అర్థం గల 'మన్' ధాతువు నుంచి 'మతం' ఏర్పడింది. మతమంటే తలచినది, అభిప్రాయం. 'సాంఖ్యుల మతం', 'ఇది నా మతం' అన్న ప్రయోగాల్లో ఆ అర్థమే ఉంది. ఆజ్ఞాపించడం, బోధించడం అనే అర్థాలు గల 'శాస్' ధాతువు నుంచి 'శాస్త్రం' వచ్చింది. శాస్త్రమంటే శాసించేది. అంటే వ్యుత్పత్తి రీత్యా మతం వాదోపవాదాలకు లోబడేది, శాస్త్రం కట్టడి చేసేది. ఆంగ్ల విద్య వ్యాపించిన తరవాత ఈ స్థానాలు తారుమారయ్యాయి. ప్రశ్నించకుండా అంగీకరించేదానికి మతమని, ప్రశ్నించి నిగ్గుతేల్చేదానికి శాస్త్రమని పేర్లు స్థిరపడ్డాయి. పెళ్లి పందిట్లో 'శాస్త్రప్రకారం' అన్నప్పుడు పాత అర్థమూ, ప్రయోగశాలలో 'శాస్త్రీయం' అన్నప్పుడు కొత్త అర్థమూ పలుకుతున్నాయి. ఒకే మనిషి ఒకే రోజున రెండు అర్థాల్లోనూ ఆ మాట వాడుతున్నాడు.

ఈ వ్యాసానికి ఆధారమైన మూడో మాట 'ప్రమాణం'. తెలుగులో దీనికి కనీసం మూడు అర్థాలున్నాయి. జ్ఞానానికి సాధనం అన్నది దర్శనాల్లోని అర్థం. కొలత అన్నది రెండోది. ఒట్టు అన్నది మూడోది. 16, 17వ శతాబ్దుల ఐరోపాలో మతవిశ్వాసానికీ ఆధునిక విజ్ఞానానికీ ఏర్పడిన సంబంధాన్ని ఈ మూడు అర్థాల సాయంతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. విశ్వాసం పరిశోధనకు ప్రేరణ కాగలదు, కొన్ని సందర్భాల్లో అయింది కూడా. అది ప్రమాణం స్థానాన్ని ఆక్రమించినప్పుడు పరిశోధన ఆగిపోయింది. అందువల్ల విశ్వాసి శాస్త్రజ్ఞుడు కాగలడా అన్న ప్రశ్న కన్నా, తనకు ప్రియమైన భావన ఓడిపోవడానికి అతడు సిద్ధపడగలడా అన్న ప్రశ్న ముఖ్యం. ఇది చరిత్రకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, నీతికి సంబంధించిన ప్రశ్న కూడా.

రెండు కథనాలు

ఈ విషయంలో రెండు కథనాలు ప్రచారంలో ఉన్నాయి. మొదటిది సంఘర్షణ కథనం. జాన్ విలియం డ్రేపర్ 1874లో, ఆండ్రూ డిక్సన్ వైట్ 1896లో ప్రకటించిన గ్రంథాలు దీనికి రూపమిచ్చాయి. ఈ కథనం ప్రకారం విజ్ఞాన చరిత్ర అంటే మతాధికారం నుంచి బుద్ధి విముక్తి పొందిన చరిత్ర. 1633లో గెలీలియోకు పడిన శిక్ష దీనికి ప్రధాన సాక్ష్యం.

రెండోది జన్మకథనం. ఆధునిక విజ్ఞానం క్రైస్తవ చింతన గర్భంలోంచే పుట్టిందని ఇది చెబుతుంది. హేతుబద్ధుడైన సృష్టికర్త మీది మధ్యయుగపు విశ్వాసమే ప్రకృతి నియమాల మీద నమ్మకానికి మూలమని తత్త్వవేత్త ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్ 1925లో సూచించాడు. 17వ శతాబ్ది ఇంగ్లండులో ప్యూరిటన్ విలువలు విజ్ఞానకృషికి ఊతమిచ్చాయని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1938లో ప్రతిపాదించాడు. వీరిద్దరూ సంయమనంతో చెప్పిన మాటలను తరవాతివారు కొందరు సాగదీసి, క్రైస్తవం లేకపోతే విజ్ఞానమే లేదన్నంత వరకు తీసుకువెళ్లారు.

రెండు కథనాల్లోనూ ఒకే లోపం ఉంది. రెండూ మతాన్ని, విజ్ఞానాన్ని నిశ్చితమైన ఎల్లలు గల రెండు రాజ్యాలుగా ఊహించుకుంటాయి. 17వ శతాబ్దిలో ఆ ఎల్లలు లేవు. 'సైంటిస్ట్' అన్న ఆంగ్లపదమే 1830లలో విలియం హ్యూవెల్ కల్పించినది. కెప్లర్, న్యూటన్ వంటివారు తమను తాము ప్రకృతి తత్త్వవేత్తలుగా, గణితజ్ఞులుగా భావించుకున్నారు. వేదాంత చర్చా గ్రహగణితమూ వారి బల్లమీద పక్కపక్కనే ఉండేవి. కనుక మతం విజ్ఞానానికి ఏమి చేసిందని మొత్తంగా అడిగితే సమాధానం దొరకదు. ఒక వ్యక్తి, ఒక పరిశోధనలో, ఒక నిర్ణయం తీసుకున్న క్షణంలో విశ్వాసం ఏ స్థానంలో నిలిచిందని అడగాలి. అందుకు జొహాన్నెస్ కెప్లర్ జీవితాన్ని మించిన ఉదాహరణ లేదు.

ఎనిమిది కళలు

కెప్లర్ 1571లో జర్మన్ దేశంలోని వైల్ డెర్ ష్టాట్ అనే చిన్న ఊళ్లో, లూథరన్ కుటుంబంలో పుట్టాడు. మతాచార్యుడు కావాలన్న కోరికతో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడే మైకేల్ మెస్ట్లిన్ వద్ద కోపర్నికస్ సిద్ధాంతం నేర్చుకున్నాడు. చదువు పూర్తికాకముందే, 1594లో, గ్రాట్జ్ నగరానికి గణిత బోధకుడుగా వెళ్లవలసి వచ్చింది. ఆ మార్పు మొదట అతణ్ని బాధించింది. కాని ఏడాది తిరిగేసరికి ఖగోళశాస్త్రంలో కూడా దేవుణ్ని కీర్తించవచ్చునన్న సంతృప్తి కలిగిందని గురువుకు జాబు రాశాడు.

ఆ సంతృప్తికి కారణం 1595 జూలైలో తట్టిన ఒక ఊహ. అప్పటికి తెలిసిన గ్రహాలు ఆరు. వాటి మధ్య ఖాళీలు అయిదు. జ్యామితిలో సంపూర్ణ సమఘనాలు కూడా అయిదే. సృష్టికర్త ఆ అయిదు ఘనాలను ఒకదానిలో ఒకటి అమర్చి గ్రహకక్ష్యల దూరాలను నిర్ణయించాడని కెప్లర్ నమ్మాడు. 1596లో వెలువడిన 'మిస్టీరియం కాస్మోగ్రాఫికమ్' సారాంశం ఇదే. గోళం అతనికి త్రిత్వానికి ప్రతిరూపం కూడా. కేంద్రంలోని సూర్యుడు తండ్రికి, ఉపరితలం కుమారునికి, నడుమనున్న అవకాశం పవిత్రాత్మకు సంకేతాలు. సూర్యుడికి ఇంత గౌరవం ఇచ్చినందువల్లే గ్రహాలను నడిపే శక్తి సూర్యుడిలో ఉండాలని అతడు వెతికాడు. గ్రహచలనానికి భౌతిక కారణం వెదకడమన్నది నాటి ఖగోళ గణితంలో కొత్త దారి. ఇంతవరకు జన్మకథనం చెప్పేది నిజమే.

1600లో మతమార్పిడికి ఒప్పుకోనందున కెప్లర్ గ్రాట్జ్ నుంచి బహిష్కృతుడై ప్రాగ్ చేరాడు. టైకో బ్రాహీ దశాబ్దాల పాటు సేకరించిన పరిశీలనలు అక్కడ ఉన్నాయి. టెలిస్కోపు పుట్టకముందు జరిగిన పరిశీలనల్లో అంత సూక్ష్మమైనవి ఐరోపాలో లేవు. 1601లో టైకో మరణించాక వాటి బాధ్యత కెప్లర్ మీద పడింది. కుజుడి కక్ష్య కోసం వృత్తాకార మార్గం ఆధారంగా ఒక నమూనాను తయారుచేసి, కనీసం 70 సార్లు గణన చేశానని అతడే చెప్పుకున్నాడు. ఆ నమూనా రేఖాంశాల్లో సుమారు 2 కళల వరకు పరిశీలనలతో సరిపోయింది. సూర్యుడి నుంచి కుజుడి దూరాలను కూడా లెక్కలోకి తెచ్చి సవరించినప్పుడు మాత్రం, కొన్ని స్థానాల్లో 8 కళల తేడా వచ్చింది.

కళ అంటే అంశలో అరవయ్యో వంతు. పూర్ణచంద్రబింబం ఆకాశంలో సుమారు 30 కళల మేర కనిపిస్తుంది. 8 కళలంటే ఆ బింబంలో దాదాపు నాలుగో వంతు. టాలమీ కాలపు పరిశీలనలకు 10 కళల వరకు తేడా సహజం. ఆ ప్రమాణంతో చూస్తే కెప్లర్ నమూనా నెగ్గినట్టే. పరిశీలనలో పొరపాటు ఉందని సరిపెట్టుకోవడానికి అవకాశముంది. అతడు అలా చేయలేదు. టైకో కొలతల్లో అంత పొరపాటుకు తావులేదని అతనికి తెలుసు. దైవకృప టైకో వంటి పరిశీలకుణ్ని మనకు అనుగ్రహించినప్పుడు, ఆ కానుకను కృతజ్ఞతతో స్వీకరించి వినియోగించుకోవడం మన విధి అని భావించాడు. ఏళ్ల తరబడి చేసిన పనిని పక్కన పెట్టాడు. ఖగోళశాస్త్ర సంస్కరణకు ఈ ఎనిమిది కళలే దారి చూపాయని తరవాత రాసుకున్నాడు. 1609లో వెలువడిన 'ఆస్ట్రొనోమియా నోవా'లో కుజుడి కక్ష్య దీర్ఘవృత్తమని నిరూపించాడు. ఆకాశంలో చలనమంతా వృత్తాకారమేనన్న రెండు వేల ఏళ్ల పవిత్ర భావన అక్కడితో తెగిపోయింది.

ఈ క్షణంలో విశ్వాసం ఎక్కడుంది? అది కెప్లర్‌ను విడిచిపోలేదు. కొలతను దేవుడిచ్చిన కానుకగా చూడమని చెప్పింది ఆ విశ్వాసమే. కాని కొలత ఏమి చెప్పాలో మాత్రం అది నిర్ణయించలేదు. ప్రేరణగా నిలిచి, ప్రమాణానికి దారి ఇచ్చింది.

నిలిచినది, కూలినది

దీని నుంచి మూడు స్థానాలను వేరుచేసి చెప్పవచ్చు. పరిశోధనకు పురికొల్పేది ప్రేరణ. ప్రకృతిలో నియమం ఉంది, అది మానవబుద్ధికి అందుతుంది అన్నటువంటి ముందు నమ్మకం పూర్వభావన. ఫలానా మాట నిజమా కాదా అని తేల్చేది ప్రమాణం. కెప్లర్‌లో మతవిశ్వాసం మొదటి రెండు స్థానాల్లోనూ బలంగా ఉంది. మూడో స్థానంలోకి వచ్చినచోట ఏమి జరిగిందో కూడా అతని జీవితమే చూపుతుంది.

అయిదు ఘనాల ఊహను కెప్లర్ చివరి వరకు వదులుకోలేదు. 1621లో ఆ తొలి గ్రంథాన్ని కొత్త వివరణలతో మళ్లీ ప్రచురించాడు. గ్రహాల సంఖ్య ఆరుగానే ఉండడానికి అతనికి దొరికిన కారణం సృష్టికర్త సౌందర్యదృష్టి. 1781లో విలియం హెర్షెల్ యురేనస్‌ను కనుగొనడంతో ఆ కట్టడం కూలింది. ఇక 1619 నాటి 'హార్మోనికెస్ ముండి'లో ఆకాశపు సంగీతాన్ని వెతుకుతూ అతడు కనుగొన్న సంబంధం ఒకటుంది. గ్రహం పరిభ్రమణ కాలపు వర్గం, సూర్యుడి నుంచి దాని సగటు దూరపు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. యురేనస్ కూడా ఈ నియమానికి లోబడింది. రెండు ఊహలూ ఒకే భక్తి నుంచి పుట్టాయి. కొలతకు నిలిచింది మిగిలింది, నిలవనిది పోయింది. ఏది మిగలాలో భక్తి నిర్ణయించలేకపోయింది.

ఇక్కడ ఒక ఆక్షేపణను పరిశీలించాలి. సృష్టి కచ్చితమైనదన్న విశ్వాసం లేకపోతే 8 కళల తేడా ఎవరికి పడుతుంది? పూర్వభావన లేనిదే కొలతకు విలువే లేదు కదా? ఈ ఆక్షేపణలో బలముంది. కెప్లర్ విషయంలో ఆ పూర్వభావన దైవవిశ్వాసం రూపంలోనే వచ్చిందని ఒప్పుకోవాలి. అయితే దానికి ఆ రూపం ఒక్కటే గతి కాదు. ప్రకృతి క్రమబద్ధమన్న భావన గ్రీకు జ్యామితిలో, బాబిలోనియా గ్రహపట్టికల్లో, అరబ్బీ ఖగోళంలో, భారతీయ సిద్ధాంత గ్రంథాల్లో వేర్వేరు విశ్వాసాల నీడలో వర్ధిల్లింది. పైగా పూర్వభావన కూడా ఫలితాన్ని బట్టే నిలబడుతుంది. కచ్చితమైన సృష్టి అంటే వృత్తాల సృష్టి అని కెప్లర్ పూర్వులు అనుకున్నారు. దైవం కచ్చితత్వాన్ని ఇష్టపడుతుందన్న నమ్మకాన్ని నిలుపుకొని, ఆ కచ్చితత్వం ఏ ఆకారంలో ఉంటుందన్న నమ్మకాన్ని కెప్లర్ వదులుకున్నాడు. ఏది నిలుపుకోవాలి, ఏది వదులుకోవాలి అన్న వివేకమే ఇక్కడ ప్రధానం.

ప్రమాణం, ప్రమాణం చేయించడం

సంఘర్షణ కథనానికి ఆయువుపట్టు గెలీలియో విచారణ. దీన్ని కూడా స్థానాల దృష్టితో చూడాలి. 1615లో కార్డినల్ బెల్లార్మిన్, ఫొస్కారిని అనే మతగురువుకు రాసిన లేఖలో ఒక వాదం చేశాడు. భూమి తిరుగుతున్నదనడానికి నిజమైన నిరూపణ ఉంటే లేఖనాలకు జాగ్రత్తగా మరో అర్థం చెప్పుకోవాలి, అయితే అటువంటి నిరూపణ తనకెవరూ చూపలేదు అన్నది దాని సారాంశం. అదే ఏట గెలీలియో గ్రాండ్ డచెస్ క్రిస్టీనాకు రాసిన లేఖ కూడా, లేఖనానికీ ప్రకృతికీ వైరుధ్యం ఉండదన్న అగస్టీన్ సంప్రదాయం మీదే ఆధారపడింది. ఇద్దరూ విశ్వాసులే, ఇద్దరూ ఒకే సూత్రాన్ని అంగీకరించినవారే.

నిరూపణ కావాలన్న కోరిక కూడా అసంగతం కాదు. గెలీలియో ఎంతో నమ్మకం పెట్టుకున్న సముద్రపు ఆటుపోట్ల వాదం పొరపాటని తరవాత తేలింది. భూమి చలనానికి ప్రత్యక్షసాక్ష్యం 1720ల చివర జేమ్స్ బ్రాడ్లీ నక్షత్రకాంతి పరిశీలనలతో మొదటిసారి లభించింది. నక్షత్రాల స్థానభ్రంశాన్ని బెస్సెల్ కొలిచింది 1838లో. అంటే 1616లో ఆ ప్రశ్న ఇంకా తేలలేదు.

మరి తప్పు ఎక్కడ జరిగింది? 'ఇంకా నిరూపణ కాలేదు' అనడానికీ 'ఇక చెప్పడానికి వీల్లేదు' అనడానికీ మధ్య ఉన్న గీటును దాటడంలో జరిగింది. 1616లో కోపర్నికస్ గ్రంథాన్ని దిద్దుబాట్లు జరిగేవరకు నిలిపివేశారు. 1633 జూన్ 22న గెలీలియోను మోకాళ్ల మీద నిలబెట్టి, భూచలన భావనను శపించి విసర్జిస్తున్నట్టు ప్రమాణం చేయించారు. మన భాషలోని శ్లేష ఇక్కడ కఠోరసత్యంగా మారుతుంది. ప్రమాణం వెదకవలసిన చోట ప్రమాణం చేయించారు. జ్ఞానసాధనం స్థానాన్ని ఒట్టు ఆక్రమించింది. తేలని ప్రశ్నను తేలనిదిగా ఉండనివ్వడం బుద్ధి ధర్మం. దాన్ని అధికారంతో తేల్చడం ఆ ధర్మానికి ద్రోహం.

ఇది కేథలిక్కుల దోషం మాత్రమే అనుకోరాదు. 1612లో లింజ్ నగరంలో కెప్లర్‌కు అతని సొంత లూథరన్ సంఘమే ప్రభుభోజన సంస్కారం నిరాకరించింది. సంఘం విధించిన విశ్వాసపత్రం మీద షరతులు లేకుండా సంతకం చేయనన్నాడు. మనస్సు ఒప్పనిదాన్ని ఒప్పుకున్నట్టు చెప్పలేనన్నది అతని వాదం. ట్యూబింగెన్‌లోని పూర్వగురువులు కూడా ఆ వెలిని సమర్థించారు. సంతకం చేస్తే సరిపోయేది. ఎనిమిది కళలను దాచని మనిషి సందేహాన్ని మాత్రం ఎలా దాస్తాడు? అతని శాస్త్రనిజాయితీ, మతనిజాయితీ వేర్వేరు గుణాలు కావు. ఒకటే గుణం రెండు చోట్ల కనిపించింది.

మరోవైపు, చర్చి అంతా ఒకే మనస్సుతో లేదనడానికి బొలోన్యా నగరం సాక్షి. ఆ నగరం అప్పుడు పోపు ఏలుబడిలో ఉండేది. అక్కడి సాన్ పెట్రోనియో ఆలయపు కప్పులో చిన్న రంధ్రం చేసి, నేల మీద మధ్యాహ్నరేఖ గీసి, 1655లో కసీని సూర్యబింబాన్ని కొలవడం మొదలుపెట్టాడు. ఈస్టర్ పండగ తేదీ గణనకు ఉపకరించే కొలతలకు ఆలయంలో చోటు దొరికింది. ఏడాది పొడవునా బింబవ్యాసంలో వచ్చిన మార్పు, పాత సిద్ధాంతం చెప్పినంత గాక, కెప్లర్ లెక్కకు అనుగుణంగా సగమే వచ్చింది. గెలీలియో శిక్షకు 22 ఏళ్ల తరవాత, దేవాలయపు నేల మీదే కెప్లర్ పక్షాన ఒక సాక్ష్యం పడింది. ప్రేరణ పండగ, ప్రమాణం కొలత.

ఖాళీని విశ్వాసంతో పూడ్చడం

మూడో ఉదాహరణ న్యూటన్. అతని భక్తిని సందేహించలేం. 1713లో 'ప్రిన్సిపియా' రెండో ముద్రణకు చేర్చిన అనుబంధంలో, ప్రకృతి దృగ్విషయాల నుంచి దేవుణ్ని గురించి చర్చించడం ప్రకృతి తత్త్వశాస్త్రంలో భాగమేనన్నాడు. త్రిత్వ సిద్ధాంతాన్ని మాత్రం రహస్యంగా తిరస్కరించాడు. బైబిలు పాఠాల పరిశీలనలో ఏళ్లు గడిపాడు. అతని భక్తి గురుత్వ సిద్ధాంతానికి అడ్డు రాలేదు.

ఒక్కచోట మాత్రం అడ్డు వచ్చిందనాలి. గ్రహాలు పరస్పరం ఆకర్షించుకోవడం వల్ల కక్ష్యల్లో చిన్న చిన్న అస్తవ్యస్తతలు ఏర్పడతాయి. అవి పెరిగి పెరిగి, చివరికి వ్యవస్థకు సంస్కరణ అవసరమవుతుందని 'ఆప్టిక్స్' చివరి ప్రశ్నల్లో న్యూటన్ సూచించాడు. ఆ సంస్కరణకర్త దేవుడు. దీన్ని 1715లో లైబ్నిజ్ విమర్శించాడు. అప్పుడప్పుడు గడియారానికి కీ ఇవ్వవలసి వచ్చే పనివాడిగా దేవుణ్ని దించేశాడన్నది అతని ఆక్షేపణ. గమనించవలసింది ఏమిటంటే, ఈ ఆక్షేపణ నాస్తికుడిది కాదు, మరో విశ్వాసిది. గురుశనుల గమనంలోని వింత తేడాలు గురుత్వం నుంచే పుడుతున్నాయని, ఒక ఆవృత్తికి లోబడి ఉన్నాయని 1780లలో లాప్లాస్ గణితంతో చూపాడు. న్యూటన్ దేవుణ్ని నిలిపిన ఖాళీ నిజానికి ఇంకా చేయని గణితం.

విశ్వాసం ప్రమాణం స్థానంలో కూర్చుంటే జరిగే నష్టం ఇది. శిక్ష లేదు, ఒట్టు లేదు. ప్రశ్న మాత్రం నిద్రపోతుంది. పైగా నష్టం విజ్ఞానానికే కాదు, విశ్వాసానికి కూడా. తెలియని చోటల్లా దేవుణ్ని నిలిపితే, తెలుస్తున్న కొద్దీ దేవుడు వెనక్కి నడవవలసి వస్తుంది.

మన జ్యోతిర్గణితంలో ఇదే ప్రశ్న

ఈ చర్చ ఐరోపాకు మాత్రమే చెందినది కాదు. మన జ్యోతిర్గణితంలో కూడా ప్రేరణ మతసంబంధమే. తిథి, సంక్రమణం, గ్రహణం తెలియనిదే కర్మకు కాలం లేదు. ఆర్యభటుడు గ్రహణాలకు ఛాయలే కారణమని 499 ప్రాంతంలోనే చెప్పాడు. బ్రహ్మగుప్తుడు 628 నాటి 'బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం'లో ఛాయాగణితాన్ని నిర్దుష్టంగా వివరించాడు. అయినా రాహువు కారణం కాదన్నవారిని శ్రుతిస్మృతులకు విరుద్ధమంటూ ఖండించాడు. 11వ శతాబ్దిలో అల్‌బెరూనీ ఈ వైరుధ్యాన్ని గమనించి ఆశ్చర్యపడ్డాడు. లోకానికి జడిసి అలా అన్నాడేమోనని అనుమానించాడు. గణితం ఒక ప్రమాణాన్ని, మాట మరో ప్రమాణాన్ని అనుసరించిన సందర్భమది.

కేరళలో పరమేశ్వరుడు 1431లో 'దృగ్గణితం' రచించి, పరిశీలనకు సరిపోయేలా గణితాన్ని దిద్దాడు. ఆ సంప్రదాయంలోని నీలకంఠ సోమయాజి 16వ శతాబ్ది ఆరంభంలో 'జ్యోతిర్మీమాంస'లో ప్రమాణచర్చనే ప్రధానం చేశాడు. సిద్ధాంతాలు ఒకదానితో ఒకటి విభేదిస్తే చేసిన కర్మ ఏమవుతుందన్న భయానికి అతడి సమాధానం స్పష్టమైనది: ఆకాశంలో కనిపించేదానికి ఏది సరిపోతే దాన్ని స్వీకరించాలి, సరిపోనప్పుడు పరీక్షించి దిద్దుకోవాలి. అతడు సోమయాగం చేసిన శ్రోత్రియుడు. శబ్దప్రమాణం మీద అచంచల గౌరవం ఉన్నవాడే గ్రహగతుల విషయంలో దాన్ని ప్రత్యక్షానికి, అనుమానానికి అప్పగించాడు. కెప్లర్‌కు ఒక శతాబ్దం ముందు, వేరే విశ్వాసంతో, అదే విధమైన నిర్ణయం ఇది. దీన్ని బట్టి జన్మకథనం అతిశయోక్తి అని తేలుతుంది. అయితే దీని ఆధారంగా అన్నీ మనకు ముందే తెలుసనడం మరో అతిశయోక్తి. అచ్చుయంత్రం, టెలిస్కోపు, పరిశోధన సంఘాలు, ఒకరి పొరపాటును మరొకరు బహిరంగంగా దిద్దే ఆచారం ఐరోపాలో ఒకచోట కూడాయి. నిర్ణయం సమానమైనా దాన్ని నిలబెట్టే వ్యవస్థ సమానం కాదు.

తెలుగునేలకు కూడా ఇందులో భాగముంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుంచి, మద్రాసు నక్షత్రశాలకు చెందిన చింతామణి రఘునాథాచార్య వనపర్తి నుంచి పరిశీలించారు. రఘునాథాచార్య పంచాంగకర్తల కుటుంబం నుంచి వచ్చినవాడు. దృగ్గణిత పంచాంగం కోసం వాదించినవాడు. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటే ఘటన గురించి పలు భారతీయ భాషల్లో ప్రజలకు తెలియజెప్పే ప్రయత్నం చేశాడు. నియత కాలంలో కర్మ జరగాలన్న ఆచారబుద్ధే కాలాన్ని సరిగా కొలవమంటుందన్న తర్కం ఆ వాదం వెనుక ఉంది. పండగ ఏ రోజున అని మన పంచాంగాల మధ్య నేటికీ వచ్చే తగాదాలో వినిపించేది ఈ పాత ప్రశ్నే.

ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి. మతవిశ్వాసం ఆధునిక విజ్ఞానానికి ఏకైక జనని కాదు, సహజశత్రువూ కాదు. అది ప్రేరణగా, పూర్వభావనగా ఉన్నచోట ఫలించింది. ప్రమాణంగా మారినచోట ప్రశ్నను నిద్రపుచ్చింది. ఒట్టుగా మారినచోట మనిషిని అవమానించింది. ఏ స్థానంలో ఉంచాలన్నది సిద్ధాంతం కన్నా శీలానికి సంబంధించిన విషయం.

ఈ శీలం విశ్వాసులకు మాత్రమే అవసరమనుకోవడం పొరపాటు. భాషాభిమానం కూడా ఒక విశ్వాసమే. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని 'కుమారసంభవం' ప్రథమభాగాన్ని ప్రకటించి, నన్నెచోడుడు నన్నయకు పూర్వుడని ప్రతిపాదించారు. ఆ అభిమానమూ శ్రమా లేకపోతే ఆ కావ్యం మనకు దక్కేది కాదు. కాలనిర్ణయం మాత్రం శాసనాల మీద, భాషాలక్షణాల మీద, ఛందోవిశేషాల మీద జరగవలసి వచ్చింది. తరవాతి పండితుల్లో అధికులు నన్నెచోడుణ్ని నన్నయకు తరవాతివాడుగానే నిర్ణయించారు. దానివల్ల రామకృష్ణకవి కృషి విలువ తగ్గలేదు, కావ్యం విలువ అంతకన్నా తగ్గలేదు. ప్రేరణకు ఇవ్వవలసిన గౌరవం ప్రేరణకు, ప్రమాణానికి ఇవ్వవలసిన స్థానం ప్రమాణానికి ఇచ్చాం.

మన తరగతి గదుల్లో, పరిశోధన వ్యాసాల్లో ఈ విభజన ప్రతిరోజూ పరీక్షకు వస్తుంది. ప్రాచీనతను, జాతిని, సిద్ధాంతాన్ని, మతాన్ని ప్రేమించే పరిశోధక విద్యార్థి మన ఎదుట కూర్చుంటాడు. ఆ ప్రేమను చంపుకొమ్మని చెప్పనక్కరలేదు. లేకపోతే అతడు 70 సార్లు లెక్క చేయడు. చెప్పవలసింది ఒకటే: లెక్కలో ఎనిమిది కళల తేడా వచ్చిన రోజున దాన్ని దాచవద్దని. ఆ మాట చెప్పే అర్హత, మన సొంత లెక్కల్లోని తేడాలను దాచనప్పుడే మనకుంటుంది.